మడతలో వదిలిన గుడ్డ

స్కూలు బట్టలు కుట్టేటప్పుడు దర్జీ పక్క కుట్లలో రెండేసి అంగుళాల గుడ్డ వదులుతాడు. ఎదిగే పిల్లలు, తర్వాత విప్పి వదులు చెయ్యొచ్చు. అందరి పిల్లలకీ అది ఏడాదికోసారి పని. సొంత కూతురికి మాత్రం మూణ్ణెల్లకోసారి, పిల్ల స్నానానికెళ్లినప్పుడు, గుట్టుగా. చొక్కా బిగుతైతే పిల్ల మనసు చివుక్కుమంటుందని. కొలత తీసినా అంకె పైకి చెప్పడు. "బాగానే ఉన్నావులే" అంటాడు.

పద్నాలుగేళ్ల పిల్ల. స్కూల్లో బరువు చూసి డాక్టరమ్మ దగ్గరికి పంపారు. ఆవిడ రక్తపరీక్ష కాగితం చదివింది.

"చెడ్డ కొవ్వు బాగా ఎక్కువుంది. మంచిది తక్కువ. ఇప్పుడు నొప్పేమీ తెలీదు. ఇలాగే వదిలేస్తే గుండె రక్తనాళాల్లో పేరుకుంటుంది."

"బొద్దుగా ఉంటే రోగమేంటండీ? వీళ్లింట్లో అందరిదీ అదే ఒళ్లు," అంది తల్లి.

"ఎప్పట్నుంచి లావవుతోంది?"

"ఈమధ్యేనండీ," అన్నాడు దర్జీ, నేల చూస్తూ.

పిల్ల చొక్కా అంచు తిరగేసి చూపించింది. కుట్టు పక్కన పాత సూది బెజ్జాలు, వరసలు వరసలుగా నాలుగు గీతలు.

"ఏడాదైందండీ. ఇక విప్పడానికి గుడ్డ లేదు."

"నీకు తెలుసా?" అన్నాడు తండ్రి మెల్లిగా.

"దర్జీ కూతుర్ని నాన్నా."

డాక్టరమ్మ కాగితం మీద ఏదో రాసుకుంది. "ఇంట్లో గుండెజబ్బు ఎవరికైనా ఉందా?"

"మా నాన్నకి," అన్నాడు దర్జీ. "నలభై రెండేళ్లకే మిషను మీద ఒరిగిపోయాడు."

"మీకిప్పుడెంత?"

"నలభై."

"అయితే రేపు పరగడుపున మీరూ రక్తమివ్వండి. పిల్లకి ఇప్పుడే మందులొద్దు. తీపి పానీయాలు, వేపుళ్లు తగ్గించి, రోజూ గంటసేపు ఆడనివ్వండి. మూణ్ణెల్లకి మళ్లీ చూద్దాం."

సాయంత్రం కొట్లో పిల్ల టేపు తెచ్చి ఎదురుగా నిలబడింది.

"ఈసారి పైకి చెప్పు."

దర్జీ పిల్ల నడుము కొలిచాడు. గొంతు సవరించుకున్నాడు. "ముప్పై ఎనిమిదిన్నర."

పిల్ల తలూపి, టేపు లాక్కుని ఆయన నడుముకి చుట్టింది.

"పొట్ట బిగబట్టకు నాన్నా."

ఊపిరి వదిలాడు.

"నలభై మూడు. ఇంతకాలం నా కొలత దాస్తూ నీదీ దాచుకున్నావన్నమాట."

ఆయన కొలతల పుస్తకం తెరిచి, రెండంకెలూ ఒకదాని కింద ఒకటి రాసి తారీకు వేశాడు.

లోపల్నించి తల్లి అడిగింది, "పొద్దున్నే టిఫినేం చెయ్యను?"

"నాకేం వద్దు," అన్నాడు దర్జీ. "రక్తమిచ్చొచ్చాక చూద్దాం."