బతికినవాడి సాక్ష్యం

ఆదివారం ఆరాధన ముగిసే ముందు ఆ ప్రార్థన మందిరంలో సాక్ష్యాలకు కొంత సమయం ఇస్తారు. మందిరం అంటే పెద్ద కట్టడమేమీ కాదు. కింద కుర్చీలూ బల్లలూ అమ్మే దుకాణం, పైన అద్దెకు తీసుకున్న పొడవాటి గది, వరసగా ప్లాస్టిక్ కుర్చీలు, ఎదురు గోడకు ఒక చెక్క సిలువ. మెట్లెక్కుతుంటే వార్నిష్ వాసన ముక్కుకు తగులుతుంది. ఆ రోజు ఒక గుమాస్తా లేచి మైకు అందుకున్నాడు. చెప్పు తెగి నడక ఆలస్యమైందనీ, తను ఎక్కవలసిన బస్సు కళ్ళముందే వెళ్ళిపోయిందనీ, ఆ బస్సే దారిలో బోల్తా పడిందనీ, చెప్పు తెగడం కూడా ప్రభువు చేసిన మేలేననీ చెప్పాడు. గది మారుమోగేలా చప్పట్లు కొట్టారు.

ఆ బస్సు ఎక్కినవాళ్ళ మాట ఎవరికీ తట్టలేదు. పాఠకులారా, మనలో చాలామందిమి అలాంటి చప్పట్లు కొట్టినవాళ్ళమే. అందులో చెడ్డ మనసేమీ లేదు. ఒకరికి మేలు జరిగితే సంతోషించడం మంచి గుణమే. ఆ సంతోషం పక్క కుర్చీలో కూర్చున్న మనిషికి ఎక్కడ తగులుతుందో చూసుకోవడం మాత్రం మనం నేర్చుకోలేదు.

ఆ రోజు అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టినవాడు నిదానం. అది తల్లిదండ్రులు పెట్టిన పేరు కాదు, పనిలో పడిన పేరు. ఎత్తయిన భవనాలకు బయటి వైపు అద్దాలు తుడవడం అతని పని. పైకప్పు మీది పిట్టగోడకు బిగించిన ఇనుప రింగుకు తాడు కట్టుకుని, చెక్క పలక మీద కూర్చుని, పక్కన బక్కెట్టు వేలాడదీసుకుని, పై అంతస్తు నుంచి కిందికి ఒక్కొక్క అద్దమే తుడుచుకుంటూ దిగాలి. దిగే ముందు అతను ప్రతి ముడినీ ఒళ్ళంతా బరువు వేసి లాగి చూసేవాడు. చూసినదాన్నే మళ్ళీ చూసేవాడు. "బావా, నువ్వు ముడి చూసేలోపు కిందివాళ్ళు అద్దాలు మార్చేసి కొత్తవి పెట్టుకుంటారు" అని అతని జోడీ ఎగతాళి చేసేవాడు.

ఆ జోడీని అందరూ పాటగాడు అనేవారు. తాడు మీద వేలాడుతూ వైపర్‌తో సబ్బునీళ్ళు లాగుతూ, గొంతెత్తి కీర్తనలు పాడేవాడు. అద్దం అవతల ఆఫీసు పని చేసుకునేవాళ్ళు తలెత్తి చూసి, వినపడకపోయినా నవ్వి చెయ్యి ఊపేవారు. నిదానాన్ని ఆ మందిరానికి మొదట తీసుకొచ్చింది అతనే. ఇద్దరికీ రక్తసంబంధం లేదు. అయినా అతను బావా అని పిలిచాడు గనక, అతని భార్య నిదానాన్ని అన్నయ్యా అని పిలిచేది.

గుమాస్తా సాక్ష్యం చెప్పిన వారంలోనే ఒక పాత భవనానికి పని ఒప్పుకున్నారు. పిట్టగోడకు రెండే రింగులు మిగిలి ఉన్నాయి. ఒకటి నీడలో, ఒకటి ఎండలో. "నువ్వు నల్లబడితే అక్క నన్ను తిడుతుంది బావా" అని నవ్వి పాటగాడు ఎండవైపు వెళ్ళాడు. నిదానం రెండు రింగులనూ లాగి చూశాడు. రెండూ కదల్లేదు. గోడ లోపల ఒకదాన్ని తుప్పు తినేసిన సంగతి పైకి తెలిసేది కాదు. ఇద్దరూ పక్కపక్కనే దిగారు. సగం భవనం దాటాక పాట మధ్యలో ఆగింది. నిదానం తల తిప్పి చూస్తే పక్కన తాడు లేదు, మనిషి లేడు.

భవనం యజమాని వచ్చి, ఆ రింగులు మార్పించాలనే అనుకుంటున్నామని చెప్పి వెళ్ళాడు. ఆ మాట వింటూ నిదానం పిడికిళ్ళు బిగించుకోవడం తప్ప ఏమీ చేయలేకపోయాడు.

సమాధి కార్యక్రమం అయ్యాక సంఘంవాళ్ళు రావడం మొదలుపెట్టారు. చిత్రమేమిటంటే, ఎక్కువమంది వచ్చింది పాటగాడి ఇంటికి కాదు, నిదానం ఇంటికి. చనిపోయినవాడి భార్యతో ఏం మాట్లాడాలో తెలియక ముఖం చాటేసినవాళ్ళు కూడా, బతికినవాడి ఇంట్లో గంటలు గంటలు కూర్చున్నారు. దేవుడికి నీమీద ప్రత్యేకమైన ప్రేమ అన్నారు. నీతో పెద్ద పని ఉంది కాబట్టే కాపాడాడు అన్నారు. వాళ్ళు సంతోషంగా అన్న ప్రతి మాటా అతని గుండెలో ముల్లులా దిగింది.

చివరికి సంఘపెద్ద వచ్చాడు. కలప వ్యాపారం చేసి కొడుకులకు అప్పగించిన మనిషి. కొబ్బరినూనె రాసిన జుట్టు, గట్టి గొంతు, చేతినిండా దానం చేసే గుణం.

"తమ్ముడూ, వచ్చే ఆదివారం సాక్ష్యం నీదే. ప్రభువు నిన్నెలా కాపాడాడో చెప్పాలి. అది మన సంఘంలో పద్ధతి, నీకు తెలియంది కాదు" అన్నాడు.

"అన్నా, మరి వాడినెందుకు కాపాడలేదు?"

సంఘపెద్ద కాస్త ఇబ్బందిగా కదిలాడు. "ఆ లెక్కలు మనకెందుకు? ఎవరి విశ్వాసం ఎంతో పైవాడికి తెలుసు. అయినా ఆ మధ్య అతను రెండు ఆదివారాలు ఆరాధనకు రాలేదట కదా."

ఆ రెండు ఆదివారాలూ నిదానం కూతురు జ్వరంతో పడి ఉంది. కొన్ని ఆఫీసు భవనాలకు సెలవు రోజే పని చేయాలి. 'నువ్వు పిల్ల దగ్గరుండు బావా, నీ వంతు కూడా నేను చూసుకుంటా' అని పాటగాడు వెళ్ళాడు. ఆ మంచితనాన్నే ఇప్పుడు మరణానికి కారణంగా చెబుతున్నారు.

ఆ రోజు నుంచి అతను ప్రార్థన చేయలేకపోయాడు. మోకాళ్ళ మీద కూర్చునేవాడు, మాట వచ్చేది కాదు. నిజంగా వినేవాడు ఉంటే పాట మధ్యలో ఎందుకు ఆపుతాడు? ఈ ప్రశ్న అన్నం ముందు, పని ముందు, పిల్ల నవ్వు ముందు కూడా వచ్చి కూర్చునేది. ఒకరోజు భార్యతో అనేశాడు. "దేవుడు ఉన్నాడో లేడో నాకు తెలీడం లేదు."

ఆమె గబుక్కున కిటికీ మూసింది. "నెమ్మదిగా అనండి. పక్కింటివాళ్ళు కూడా మన సంఘంవాళ్ళే. మనసులో ఏమున్నా ఆదివారం వెళ్ళి ఆ రెండు మాటలూ చెప్పేసి వచ్చేయండి. నలుగురిలో ఉన్నాక తప్పదు కదా."

"అబద్ధం చెప్పి దేవుణ్ణి మెప్పించమంటావా?"

"దేవుణ్ణి కాదండీ, సంఘాన్ని" అని, తను అన్నమాట తనకే వినపడి ఆమె తల దించుకుంది.

ఇక ఆ మెట్లు ఎక్కకూడదని నిదానం నిర్ణయించుకున్నాడు. అయితే పాటగాడి పనిసంచి తన దగ్గరే ఉండిపోయింది. దాన్ని ఇచ్చేసి, ఆ మాట కూడా చెప్పేద్దామని బయల్దేరాడు. పాటగాడి భార్య పసిపిల్లల సంరక్షణ కేంద్రంలో ఆయాగా పని చేస్తుంది. మధ్యాహ్నం అతను వెళ్ళేసరికి చాపల మీద పిల్లలందరూ నిద్రపోతున్నారు. ఆమె వాళ్ళ మధ్య కూర్చుని ఉతికిన గుడ్డలు మడతపెడుతోంది. వేలు పెదవుల మీద పెట్టి, పక్కన కూర్చోమని సైగ చేసింది.

"ఆదివారం సాక్ష్యం చెప్తావటగా అన్నయ్యా?" అంది గుసగుసగా.

"చెప్పను చెల్లెమ్మా. అసలు రాను. ఇంక నాకూ ఆ మందిరానికీ సంబంధం లేదు."

ఆమె చేతిలో గుడ్డ ఆగింది. "నువ్వూ రావా? మరి నా పక్కన ఎవరు కూర్చుంటారు? పోయిన ఆదివారం నాకు అటు రెండు కుర్చీలు, ఇటు రెండు కుర్చీలు వదిలేసి కూర్చున్నారు. నాదేదో అంటురోగమైనట్టు. నన్ను చూస్తే వాళ్ళకి భయం. నాకు జరిగింది వాళ్ళకీ జరగొచ్చని గుర్తొస్తుంది కదా."

"అంత జరిగినా నువ్వు వెళ్ళావా?"

"ఎందుకు వెళ్ళను? పోట్లాడ్డానికి వెళ్ళాను." గొంతు పెరిగింది. ఒక పిల్లవాడు కదిలాడు. ఆమె వాడి వీపు మీద చెయ్యివేసి జోకొడుతూ, అంత కోపాన్నీ గుసగుసలోనే చెప్పింది. "రోజూ పోట్లాడుతున్నాను. నా మనిషి నీ పాటలు పాడుతూ పడిపోయాడు, నీకు చేతుల్లేవా అని అడుగుతున్నాను. ఒక్కోరోజు వినేవాడే లేడేమో అనిపిస్తుంది. మళ్ళీ నాకే అనిపిస్తుంది, లేనివాడి మీద ఇంత కోపం ఎందుకొస్తుంది అని. ఆయన ఇంకా జవాబు చెప్పలేదు అన్నయ్యా. కానీ నన్ను పొమ్మనలేదు. తిట్టి తిట్టి అలిసిపోయి కూర్చుంటానా, పక్కన ఎవరో ఉన్నట్టే ఉంటుంది. నాకు ఆ ఒక్కటే మిగిలింది. దాన్ని పట్టుకునే పొద్దున లేస్తున్నాను."

నిదానం కూడా ఒక గుడ్డ అందుకుని మడతపెట్టసాగాడు. పిల్లలు ఊపిరి తీసే చప్పుడు మాత్రం వినిపిస్తోంది.

"ఒకటి అడుగుతాను, కాదనకు" అంది ఆమె. "నీ విశ్వాసం వల్ల నువ్వు బతికావని మాత్రం చెప్పకు. ఆ మాట నీ నోట విన్న రోజు నేను ఆ గదిలోంచి లేచి వెళ్ళిపోతాను. మళ్ళీ రాలేను. నాకు వెళ్ళడానికి ఇంకో చోటు లేదు. అలాగని నువ్వు ఇంట్లో కూర్చుంటే, నా మనిషి రెండు ఆదివారాలు రాలేదు గనకే పోయాడనే మాటే నిజమైపోతుంది. అది అబద్ధమని తెలిసింది మనిద్దరికే. నేను చెప్తే ఏడుపు అంటారు. నువ్వు చెప్తే వింటారు."

పనిసంచి ఆమెకు ఇచ్చి బయటికి వచ్చాడు. నడుస్తుంటే అతనికి ఒక సంగతి స్పష్టమైంది. తనకు వచ్చిన సందేహమే ఆమెకూ వచ్చింది. ఆమె దాన్ని దేవుడి దగ్గరికే మోసుకెళ్ళింది, తను దాన్ని చూసి పారిపోతున్నాడు. వెళ్ళాలి. వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పాలి. తర్వాత సంఘం ఏమన్నా సరే.

ఆదివారం గది కిక్కిరిసింది. సంఘపెద్ద మైకు పట్టుకుని, "దేవుడు అరచేతిలో పెట్టి కాపాడిన మన తమ్ముడు ఇప్పుడు సాక్ష్యమిస్తాడు" అన్నాడు. ముందుగానే చప్పట్లు మోగాయి. నిదానం పాటగాడి భార్య పక్కనుంచి లేచి ముందుకు నడిచాడు. అంత రద్దీలోనూ అటూ ఇటూ ఖాళీ కుర్చీల మధ్య ఆమె ఒళ్ళో చేతులు బిగించుకుని కూర్చుంది.

"అందరికీ వందనాలు. నేను బతికాను. నా పిల్ల ముఖం చూసినప్పుడల్లా అందుకు సంతోషంగానే ఉంది. కానీ నా భక్తి చూసి దేవుడు నన్ను కాపాడాడని చెప్పమంటే చెప్పలేను. అది నిజం కాదు. మా ఇద్దరిలో భక్తి వాడిది. నాకు ఎండ తగలకూడదని వాడు అటు వెళ్ళాడు. నాకు తెలిసింది అంతే."

చప్పట్లకు సిద్ధమైన చేతులు ఒళ్ళోకి జారాయి.

"వాడు రెండు ఆదివారాలు ఇక్కడికి రాలేదని అనుకుంటున్నారు. నిజమే. నా పిల్లకి జ్వరమొస్తే నా పని వాడు చేశాడు. తప్పంటూ ఉంటే అది నా పేరున రాయండి. వాడెందుకు, నేనెందుకు కాదు అని దేవుణ్ణి అడుగుతున్నాను. జవాబు రాలేదు. అసలు ఉన్నాడా అని కూడా అనుకున్నాను. దాచుకోను. అయినా వచ్చాను. ఈ ప్రశ్న పట్టుకుని ఆయన దగ్గరికి కాకపోతే ఎక్కడికి పోవాలో నాకు తెలీదు."

"ఇది సాక్ష్యం కాదు తమ్ముడూ. పిల్లలు వింటున్నారు, కూర్చో" అని సంఘపెద్ద మైకు కోసం చెయ్యి చాపాడు.

"కూర్చోకు. అక్కడే ఉండు" అన్న మాట వెనక నుంచి వినిపించింది. పాస్టరుగారు. వయసు మీద పడి, మోకాళ్ళ నొప్పులతో ఈమధ్య వాక్యం చెప్పడం కూడా తగ్గించిన మనిషి. కుర్చీల వీపులు పట్టుకుంటూ మెల్లగా నడిచి వచ్చి నిదానం పక్కన నిలబడ్డారు.

"మనం సిలువను గోడకు కొట్టుకుని రోజూ దణ్ణం పెట్టుకుంటున్నాం. దానిమీద వేలాడినాయన కూడా తండ్రిని నన్నెందుకు విడిచావని అడిగాడు. ఆ క్షణాన ఆయనకూ జవాబు రాలేదు. అలాంటి సిలువ కింద నిలబడి, ఎందుకని అడిగినవాణ్ణి మనం కూర్చోమంటున్నాం." ఆయన ఊపిరి తీసుకున్నారు. "నా కొడుకు చనిపోయిన ఏడాది నేను మీకు ప్రతి వారం ధైర్యం చెప్పాను. ఇంటికి వెళ్ళి తలుపు వేసుకుని, ఉన్నావా ప్రభూ అని ఏడ్చేవాణ్ణి. మీకు చెప్పడానికి భయపడ్డాను. నేను చెప్పి ఉంటే ఈ చెల్లెలు ఇవాళ ఒంటరిగా కూర్చునేది కాదు. ఆ భయంలో ఆయన నన్ను వదల్లేదు, అది మాత్రం నాకు తెలుసు. సందేహం వచ్చినవాణ్ణి గడప బయట నిలబెట్టడం వల్ల మనం దేవుణ్ణి కాపాడలేం, మనిషిని పోగొట్టుకుంటాం. విశ్వాసమంటే ప్రశ్న రాకపోవడం కాదు, ప్రశ్న వచ్చాక కూడా ఆయన దగ్గరే నిలబడటం."

సంఘపెద్ద చాపిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. తన కుర్చీ వదిలి, వెళ్ళి పాటగాడి భార్య పక్కనున్న ఖాళీ కుర్చీలో బరువుగా కూర్చున్నాడు. "తప్పు మాట అన్నానమ్మా" అన్నాడు. ఆమె తలూపింది, అంతే.

పాస్టరుగారు నిదానం భుజం మీద చెయ్యి వేసి ప్రార్థన చేయమన్నారు. ఇన్నాళ్ళూ రాని మాటలు ఇప్పుడు వస్తాయన్న నమ్మకం అతనికి లేదు. అయినా కళ్ళు మూసుకున్నాడు.

"ప్రభూ, నువ్వు నాకు అర్థం కావడం లేదు. అర్థమయ్యేదాకా అడుగుతూనే ఉంటాను. నిన్ను మాత్రం వదలను. నువ్వూ మమ్మల్ని వదలకు."

ఆ గదిలో అందరికంటే ముందు, అందరికంటే గట్టిగా "ఆమేన్" అన్నది పాటగాడి భార్య.