మూడోసారి వేసిన మీట

ట్రాము కండక్టరు నిబారణ్ హాల్దార్‌ని చంపింది నేనే. కంపెనీ కాయితాల్లో వేరే పేరు రాశారు, ఆ పేరు గల డ్రైవర్ దూబే పోలీసు స్టేషన్లో కూర్చున్నాడు. ఎవరూ నా మీద జాలితో ఈ కథ వినడం మొదలుపెట్టకూడదని ముందే చెప్పేస్తున్నాను.

నా పేరు సుధన్య మైతీ. కలకత్తాలో ట్రాములకి కరెంటు పంపే గదిలో పని నాది. ఏనుగంత యంత్రం అక్కడ రాత్రింబవళ్ళు తిరుగుతుంది. నేను మీట వేస్తే కరెంటు రోడ్డు మీది తీగలోకి పోతుంది. బండి నెత్తిన ఉన్న కర్ర దాన్ని అందుకుంటుంది, మోటార్లు తిరుగుతాయి, ఆ కరెంటు పట్టాల వెంట మళ్ళీ నా గదికే వస్తుంది. పంపినవాడి దగ్గరికే అన్నీ తిరిగొస్తాయని అప్పట్లో నాకు తట్టలేదు.

తీగ తెగి పట్టాల మీద పడితే మీట దానంతటదే పడిపోతుంది. అప్పుడు రెండుసార్లు వేసి చూడాలి. రెండుసార్లూ పడిపోతే చేతులు కట్టుకుని కూర్చోవాలి. రోడ్డు మీంచి తీగపనివాడు ఫోను చేసేదాకా మూడోసారి వేయకూడదు. ఈ సంగతి ప్రతి కండక్టరుకీ తెలుసు. మీట వేసినప్పుడల్లా కిందపడిన తీగ మెరుస్తుంది. అలా రెండుసార్లు మెరిసి ఊరుకుందంటే ఇక అది చచ్చిన పాము.

ఆ ఆషాఢంలో ఇంజనీరు విల్మట్ దొర గదిలోకొచ్చాడు. "ఇక మీద మూడోసారి కూడా వెయ్యి. బళ్ళు ఆగితే పైవాళ్ళకి జవాబు చెప్పుకునేది నేను" అన్నాడు.

"రోడ్డు మీద వాళ్ళకి తెలుసా దొరా?"

"అది నీ పనా?"

ఆ సాయంత్రమే నిబారణ్‌తో కలిసి మట్టిముంతలో టీ తాగాను. పులసలు ఎక్కడ చవగ్గా దొరుకుతాయో వాడు గంటసేపు చెప్పాడు. దొర చెప్పిన సంగతి నోటిదాకా వచ్చింది. దొరకి తెలిస్తే ఉద్యోగం ఊడుతుందని మింగేశాను.

నాలుగోరోజు మధ్యాహ్నం, జోరువానలో మీట పడింది. వేశాను, పడింది. మళ్ళీ వేశాను, మళ్ళీ పడింది. ఫోను మోగలేదు. మూడోసారి వేశాను. నిలబడింది. హమ్మయ్య అనుకున్నాను.

అది ఎందుకు నిలబడిందో గంట తర్వాత తెలిసింది. బౌబజార్ మలుపులో రెండు మెరుపులూ లెక్కపెట్టుకుని, "దిగండమ్మా, ఇక భయం లేదు" అని తన బండిలోని ఆడవాళ్ళకి దారి చేయడానికి నిబారణ్ రెండు చేతులా తీగని పట్టాల మీంచి ఎత్తాడు. తీగకి పట్టా తగల్లేదు కాబట్టి మీట పడలేదు. మధ్యలో ఉన్నది మనిషి.

రెండో మెరుపు రాకముందే తీగ ఎత్తమన్నది ఆ బండి డ్రైవర్ దూబే అని కంపెనీ తేల్చేసింది. రెండు మెరుపుల తర్వాత తీగలో కరెంటే లేదంది. దూబేకి సంకెళ్ళు వేశారు.

నిబారణ్ పోయిన మూడోరోజు ట్రాము షెడ్డులో సభ. డ్రైవర్లు, కండక్టర్లు, తీగపనివాళ్ళు, వాళ్ళకి తోడుగా వచ్చిన కాలేజీ పిల్లలు కిక్కిరిసిపోయారు. తీగపనివాడు రహమత్ బల్లెక్కి అరుస్తున్నాడు.

"దూబేజీ అలా చెప్పే మనిషా? రెండు మెరుపులయ్యాక ఆ తీగకి ప్రాణం ఎక్కణ్ణించి వచ్చింది? అది చెప్పమనండి కంపెనీని!"

ముందు వరసలో నిబారణ్ భార్య చారుశీల కూర్చుంది. ఆమె లేచింది.

"రెండయ్యాక భయం లేదని ఆయనే నాకు చెప్పేవాడు అన్నా. మరి ఆయన లెక్క తప్పాడా?"

నేను వెనక గోడకి ఆనుకుని ఉన్నాను.

"తప్పలేదు వదినా. మూడోసారి నేనేశాను. వెయ్యమని దొర చెప్పాడు. మీకెవరికీ చెప్పలేదని తెలిసీ వేశాను."

రహమత్ బల్ల మీంచి దూకి వచ్చి నా చెంప పగలగొట్టాడు.

"కుక్కా! నీతో కూర్చుని టీ తాగాడు కదరా వాడు!"

"ఇతన్ని పోలీసులకి అప్పజెప్పండి!" అని ఒక విద్యార్థి కేకేశాడు.

"ఊరికే అప్పజెప్పేస్తే దొర చేతులు దులిపేసుకుంటాడు బాబూ," అన్నాడు రహమత్ రొప్పుతూ. "రేపు మీట వెయ్యడానికి వాడికి ఇంకో చెయ్యి దొరకదా?"

చారుశీల నా ఎదుటికొచ్చింది. కళ్ళలో చుక్క తడి లేదు.

"ఇక్కడ ఏడిస్తే దూబేజీ బయటికి రాడు. ఇదే మాట దొర మొహం మీద అంటావా?"

"అంటాను."

"నేను వింటాను."

సభలో అనుకున్నట్టే మర్నాడు పదిగంటలకి శ్యామ్‌బజార్ నించి కాళీఘాట్ దాకా ట్రాములన్నీ ఎక్కడివక్కడ ఆగిపోయాయి. కండక్టర్లు తాళ్ళు లాగి కర్రల్ని తీగ మీంచి దించి కట్టేశారు. డ్రైవర్లు బండి నడిపే ఇత్తడి పిడులు ఊడదీసి నడుముకి దోపుకున్నారు. గదిలో నేను మీట దించాను.

దొర పోలీసుల్ని వెంటబెట్టుకుని వచ్చాడు. కిటికీ అవతల జనం, ముందు చారుశీల.

"మీట వెయ్యి!"

"రోడ్డు మీంచి ఫోను రాలేదు దొరా."

"వెయ్యమంటుంటే!"

"ఆ రోజూ ఇలాగే అన్నారు. మూడోసారి వెయ్యమన్నది మీరు. వేసింది నేను. నిబారణ్ తప్పు లేదు, దూబే తప్పు లేదు. ఇన్స్పెక్టరుగారూ, రాసుకోండి."

కిటికీ బయట ఆ మాటని ఒకరినించి ఒకరు అందుకుని గేటు దాకా అరిచారు. దొర నన్ను పక్కకి తోసి తానే మీట వేశాడు. అది నిలబడింది. మీటరు ముల్లు మాత్రం సున్నా మీంచి కదల్లేదు. దొర అద్దం మీద వేలితో కొట్టి చూశాడు. తీగనిండా కరెంటుంది, అందుకునే కర్ర ఊళ్ళో ఒక్కటి లేదు.

అప్పుడు ఫోను మోగింది. దొర ఎత్తాడు. రహమత్ గొంతు నాకూ వినపడింది.

"బౌబజార్ రోడ్డు మీంచి మాట్లాడుతున్నాం. దూబేజీని వదిలేదాకా మీట వెయ్యొద్దు."

దొర ఫోను పెట్టేశాడు. వెంటనే మళ్ళీ మోగింది. ఈసారి ధర్మతల నించి. తర్వాత శియాల్దా నించి.

పోలీసులు నా చేతులకి సంకెళ్ళు వేశారు. గుమ్మం దాటేదాకా ఆ ఫోను మోగుతూనే ఉంది. ఆ రోజు ఈ ఫోను కోసం ఒక్క పది నిమిషాలు ఆగి ఉంటే నిబారణ్ బతికేవాడు.