ఒక ఎత్వం, ఒక ద

ఉదయం ఏడూ పదికి ఆవిడ ప్రెస్సు షట్టరు ఎత్తి, లైటు వేసి, నిన్నటి టీ గ్లాసులు కడగడానికి తీసింది. వెనకే భర్త వచ్చి, అక్షరాల గళ్ల ముందుకు స్టూలు లాక్కున్నాడు. సీసపు అక్షరాలు ఏరి వరుసగా కూర్చడం ఆయన పని. ప్రూఫు చదవడం, కాలితో మిషను తొక్కి అచ్చు వెయ్యడం ఆవిడ పని. పెళ్లయిన దగ్గర్నుంచీ ఇంతే.

చర్చి కోసం పరిశుద్ధ గ్రంథం అచ్చవుతోంది. ఆ గ్రంథ వాక్యంలో తప్పు పడితే తెల్లారేసరికి అదే సర్దుకుంటుంది. తక్కువైన అక్షరాన్ని పక్కనున్న వేరే అచ్చుపనిలోంచి లాగేసుకుంటుంది. ఒకసారి ఒక డాక్టరుగారి చీటీల్లోంచి ఆయన పేరులో సగం పోయింది. "ఇన్ని తరాలు అలాగే నిలిచిందమ్మా" అని పాస్టరుగారు చెప్పి, పక్కన విడి అక్షరాల డబ్బా ఒకటి పెట్టుకోమన్నారు. ఎలకలకి బోను పెట్టినంత మామూలుగా వాళ్లు రోజూ డబ్బా పెట్టి షట్టరు దించేవారు.

ఈమధ్య డబ్బా త్వరగా ఖాళీ అవుతోంది. భర్తకు చూపు తగ్గింది.

"'కాపాడెదను' అని ఉండాల్సిన చోట 'కాపాడను' అని కూర్చారు," అంది ఆవిడ, ప్రూఫు మీంచి తల ఎత్తకుండా. "దేవుడు చేతులెత్తేసినట్టుంది."

"రేపటికి ఆయనే మాట మార్చుకుంటాడులే."

"నవ్వకండి. నా మోకాళ్లు ఇక తొక్కలేవు. అమ్మేద్దాం."

"అమ్మేసి నన్నేం చెయ్యమంటావు? ఇంట్లో కూర్చుని గోడలు చూద్దామన్నా, అవీ సరిగ్గా కనపడవు."

"ఆ గ్రంథం నిలబడటానికి మనం కూలబడాలా?"

 అమ్మకం చీటీకని ఆవిడ చెప్పిన ముక్కను ఆయన తడుముకుంటూ తనే కూర్చాడు: 'ఈ ప్రెస్సును సామానుతో సహా అమ్మెదను.' ఆవిడ ప్రూఫు తీసి చదివింది. తప్పు లేదు. దాన్ని తీసుకెళ్లి వాక్యం పేజీ ఉన్న బల్ల మీదే పెట్టింది. వాక్యంలో తప్పును దిద్దే ఓపిక లేక అలాగే వదిలేసింది. ఇంటికి పోయేముందు, తూకానికి సిద్ధంగా ఉంటాయని విడి అక్షరాలన్నీ గోతాంలో పోసి గుమ్మం దగ్గర పెట్టింది. డబ్బాలోవి కూడా.

మర్నాడు వాక్యం సరిగ్గా ఉంది. అమ్మకం చీటీని రెండోసారి చదవాలనిపించలేదు. అలాగే తొక్కేసింది. చీటీలన్నీ ఆయనే బజారంతా పంచి వచ్చాడు.

ఎవరూ రాలేదు. తప్పకుండా వస్తానన్న పాత ఇనుము వర్తకుడూ రాలేదు. ఎదురుచూస్తూనే ఆవిడ చర్చి పేజీలు తొక్కింది. ఆయన గోతాంలోంచి అక్షరాలు ఏరుకుని కూర్చాడు.

కొన్నాళ్లకు కాగితాల కొట్టతను రీములు దింపుతూ, "అమ్మనని ఊరంతా చీటీలు పంచారేంటక్కా? ఇమ్మని ఎవరైనా మీద పడ్డారా?" అన్నాడు.

ఆవిడ మిగిలిన కట్టలోంచి ఒక చీటీ లాగి చూసింది. ఎత్వం లేదు. ద లేదు.

"మరి ఆ పాత ఇనుము ఆయన?"

"చీటీ చూసి, మా వెనక వీధి ప్రెస్సు కొనేసుకున్నాడు. అక్షరాలన్నీ కరిగించి చేపల వలలకు బరువు గుళ్లు పోయించాడు. అక్కడ అక్షరాలు కూర్చే పెద్దాయన లేడూ, బావ ఈడువాడు? రోజూ వచ్చి మా కొట్టు మెట్ల మీద కూర్చుంటున్నాడక్కా. పలకరిస్తే పలకడు. వేళ్లు మాత్రం కదుపుతుంటాడు."