మంచంకోడు

ట్రైలరు చక్రాలు సగం మునగగానే గఫూర్ చెయ్యెత్తాడు. ట్రాక్టరు మీద దేవీసింగ్ బ్రేకు తొక్కాడు. గఫూర్ చంకలోని చెక్కను ట్రాక్టరు వెనక చక్రం కింద పెట్టి, చెప్పుకాలితో రెండు తన్నులు తన్ని, పడవ ముక్కు దగ్గరికి వచ్చాడు. దాన్ని పట్టి ఉంచిన పట్టాను కాస్త వదులు చేసి, అరచేత్తో ముక్కు మీద ఒకసారి తట్టి, "బిస్మిల్లా" అన్నాడు. పడవ రబ్బరు రోలర్ల మీద గురగురమంటూ జారి పోచారం చెరువు నీళ్లలోకి దిగింది.

పొద్దున దించడం, సాయంత్రం ఎక్కించడం. రాత్రి నీళ్లలో వదిలేస్తే గాలికి రాళ్లను కొట్టుకుని పడవ పాడైపోతుంది. ఈ రెండు పనుల మధ్య గఫూర్ ఒడ్డున కూర్చుని రోలర్లకు గ్రీజు పెడుతుంటాడు, లేదంటే జనం వదిలేసి పోయిన సీసాలు ఏరుతుంటాడు. పొట్టి మనిషి. గడ్డానికి గోరింటాకు ఎరుపు. పట్టా చుట్టే హ్యాండిల్ తిప్పీ తిప్పీ కుడి భుజం కిందికి దిగిపోయింది, అందుకని దూరం నుంచి చూస్తే ఎప్పుడూ ఒక బకెట్టు మోస్తున్నట్టే ఉంటాడు. వయసులో ఉన్నప్పుడు మస్కట్‌లో చేపల పడవలు ఒడ్డుకు లాగాడు. అక్కడా ఒడ్డే, ఇక్కడా ఒడ్డే. ఇన్నేళ్లలో పడవెక్కి నీళ్ల మీద ఒక చుట్టు తిరిగింది లేదంటే అతని ఊరు ఎల్లారెడ్డిలో ఎవరూ నమ్మరు.

చక్రానికి అడ్డం పెట్టే చెక్క ఇంట్లో విరిగిన మంచం కోడు. తుమ్మకర్ర. దాన్ని ఒకవైపు ఏటవాలుగా చెక్కుకుని తెచ్చుకున్నాడు. మిగిలిన మూడు కోళ్లూ పొయ్యిలోకి పోయాయి. పనయ్యాక కూడా దాన్ని ఒడ్డున వదలడు, సంచిలో వేసుకుని ఇంటికి తీసుకుపోతాడు. కోడు పక్కన పెట్టుకుని పడుకునే మొగుణ్ని నేనే చూశానని హఫీజా బీడీలు చుడుతూ నవ్వేది.

ఈ ఏడు బోటింగు వేలంపాట పడవ యజమాని సంపత్‌కు దక్కలేదు. కొత్తవాళ్లు కాళ్లతో తొక్కే బాతు పడవలు తెస్తారట. సంపత్ తన పడవను ట్రైలరుతో సహా హైదరాబాద్ దిక్కు ఒక రిసార్టుకు అమ్మేశాడు. ఆ సంగతి ఫోన్లో చెబుతూ, "పడవ ఏడికి పోతే నువ్వు గూడ ఆడికే చాచా. నువ్వు లేకుంటే దాన్నెవరు ఎక్కిస్తరు?" అన్నాడు. సంపత్ ఆ మాట నిజంగానే అన్నాడు, అన్న నిమిషంలో మనస్ఫూర్తిగానే అన్నాడు. గఫూర్‌కు అది రాతకోతలతో పనిలేని మాట. ఈ వయసులో తనకు కొత్త పని ఎవరిస్తారని రాత్రులు దిగులు పడ్డవాడు, ఆ రోజు కడుపునిండా తిన్నాడు.

హఫీజా చొక్కాలకు ఊడిన గుండీలు కుట్టింది. లుంగీలు, టోపీ, మామిడికాయ తొక్కు సీసా అన్నీ పాత దుప్పట్లో మూటగట్టి ఇచ్చింది. పొద్దున దేవీసింగ్ తప్ప ఇంకా ఎవరూ రాకముందే గఫూర్ ఆ మూటను పడవ ముందు సీటు కింది అరలో పెట్టాడు. పోయే పడవలోనే మూట పోవాలి కదా అనుకున్నాడు.

మధ్యాహ్నం జనం పలచబడ్డాక దేవీసింగ్ పక్కన వచ్చి కూర్చున్నాడు.

"ఆఖరు రోజు. ఒక్కసారి కూసో భాయ్. నేను తిప్పుకొస్త."

"ఆడికి పోయినంక కూసుంట తీ," అన్నాడు గఫూర్. "గదేడికి పోతది?"

"ఆడ ట్రాక్టరు తోలేటోనికి నీ చెయ్యి అర్థమైతదా?"

"నేర్పుకుంట." ఆ మాట అనేటప్పుడు అతని మొహం వెలిగిపోయింది. తండా నుంచి వచ్చే దేవీసింగ్‌కు తన సంగతేమిటన్న దిగులు ఉంది కానీ, అతనికి ట్రాక్టరుంది, చెరుకు బళ్లున్నాయి. గఫూర్‌కున్నది పడవ ఒక్కటే.

సాయంత్రం సంపత్ వచ్చాడు. వెనకే రిసార్టు మేనేజరు అరుణ్‌కుమార్ పికప్ బండి తెచ్చాడు. గఫూర్ మోకాలి లోతు నీళ్లలోకి దిగి, పడవ ముక్కును రోలర్ల నడుమకు సూటిగా పట్టి, కొక్కెం తగిలించి, హ్యాండిల్ తిప్పడం మొదలుపెట్టాడు. రబ్బరు పగిలిన రోలరుకు సైకిలు ట్యూబు చుట్టి ఉంది. పడవ దాని మీదికి వచ్చినప్పుడు ఎప్పటిలాగే కొంచెం మూలిగి, పైకెక్కింది. దేవీసింగ్ ట్రైలరును సిమెంటు వాలు మీదికి లాగాడు. గఫూర్ ట్రైలరు చక్రం కింద మంచంకోడు బిగించాక ట్రాక్టరు విడిపోయింది, పికప్ వెనక్కి వచ్చి తగులుకుంది.

"మంచిగ ఎక్కించిన్రు," అన్నాడు అరుణ్‌కుమార్. "మా దగ్గర గీ తిప్పలు లేవు. పడవ కట్టేసేతందుకు జెట్టీ ఉంది. పడవ నీళ్లల్లనే ఉంటది."

గఫూర్ సంపత్ వైపు చూశాడు. సంపత్ తన చెప్పుల వైపు చూసుకున్నాడు.

"నేనడిగిన చాచా. మనిషి వద్దన్నరు. నీకు ఫోన్ల చెప్పబుద్ధి కాలే."

"గట్లనా సార్," అన్నాడు గఫూర్.

ఏడుపొచ్చింది. తడి లుంగీ పిండుకుంటున్నట్టు అటు తిరిగాడు. మూట గుర్తొచ్చింది. సీటు కింద చెయ్యిపెడితే అందుతుంది. కానీ అందరి ముందూ మూట బయటికి తీస్తే, తాను బట్టలు సర్దుకుని వచ్చానని తెలిసిపోతుంది. సంపత్ మొహం ఇంకా చిన్నబోతుంది. అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. గఫూర్ అమ్మను కూడా అడిగే రకం కాదు.

దేవీసింగ్ ఈ మాటలేవీ వినలేదు. ట్రాక్టరును గట్టు మీద పెట్టి, బండి మంచిగా పోవాలని నిమ్మకాయలు తెచ్చి పికప్ ముందు చక్రాల కింద పెట్టాడు. కొబ్బరికాయ కొట్టాడు. బండి ఇంజను మోగింది.

"తియ్యి భాయ్," అని కేకేశాడు.

ఆ కేకకు గఫూర్ చేతులు ఎప్పటిలాగే కదిలాయి. వంగి, రెండు చేతులా మంచంకోడును లాగేశాడు. నిమ్మకాయలు పటుక్కుమని చితికాయి. పడవ గట్టెక్కి, మలుపు తిరిగి, మెదక్ రోడ్డు మీదికి పోయింది. సంపత్ కారు దాని వెనకే పోయింది.

"నువ్వెక్కలేదేంది?" అన్నాడు దేవీసింగ్.

"మనిషి వద్దన్నరంట."

దేవీసింగ్ రోడ్డు వైపు చెయ్యి చూపించాడు. "మరి మూట?"

గఫూర్ తడి లుంగీ మళ్లీ పిండుకున్నాడు. హఫీజా తొక్కు సీసా ఏదని అడుగుతుంది, గుండీలు కుట్టిన చొక్కాలేవని అడుగుతుంది. దేవీసింగ్ అతని భుజం మీద చెయ్యేసి గట్టు మీదికి నడిపించాడు, ట్రాక్టరు మీద తన పక్కన కూర్చోబెట్టుకున్నాడు. ట్రాక్టరు ఎల్లారెడ్డి దారి పట్టింది. ఖాళీ సంచి గఫూర్ ఒళ్లో ఉంది.

మంచంకోడు సిమెంటు వాలు మీద, చితికిన నిమ్మకాయలకు కాస్త దిగువన, ఒకవైపు తడిగా పడి ఉంది.