అయిదో రోజు సాక్ష్యం

“గ్లాసు దాటి తాగీకు. లోపల కుట్లకి నీరు పట్టీసిందంటే సీము పోస్తాది,” అంటూ ఎలీసమ్మ కోడలి చేతిలోంచి చెంబు తీసుకుని, మంచానికి అందనంత దూరంలో కిటికీ గట్టు మీద పెట్టింది. పెట్టి, దాని మీద మూత కూడా పెట్టింది.

దీవెనకి నాలుక పిడచకట్టుకుపోతోంది. విశాఖపట్నం ఆసుపత్రి నుంచి పంపించేటప్పుడు నర్సు చెప్పిన మొదటి మాటే నీళ్లు. రోజుకి మూడు లీటర్లు తాగమంది. రెండో మాట నడక. మంచానికి అంటుకుపోకుండా గంటకోసారి లేచి ఇంట్లోనే నాలుగడుగులు వెయ్యమంది. ఆ రెండు మాటలూ అత్తగారికి ఎలా చెబుతుంది? అత్తగారి లెక్కలో దీవెనకి తీసింది గర్భసంచి. గర్భసంచి తీసినవాళ్లు నీళ్లు తాగకూడదు, తలంటుకోకూడదు, వంకాయ ముట్టకూడదు, ఇరవై ఒక్క రోజులు మంచం దిగకూడదు. ఈ చట్టాలు ఏ డాక్టరూ రాసినవి కావు. ఎలీసమ్మ తల్లి పాటించింది, ఎలీసమ్మ పాటించింది, ఇప్పుడు దీవెన వంతు వచ్చింది. పాటించి పోయినవాళ్ల సంగతి ఎవరూ అడగరు కదా.

నెల్లిమర్లలో ఎవరిని కదిపినా దీవెన టీచరుకి గర్భసంచి తీసేశారనే చెబుతారు. బడికి పంపిన సెలవు చీటీలో ఆమె భర్త బెన్హర్ అదే రాశాడు. చర్చి సంఘంలో అదే చెప్పాడు, కన్నతల్లికీ అదే చెప్పాడు. “ఆడమనిషి గర్భసంచి తీయించుకుంటే జాలిపడతారు. కొవ్వు తీయించుకుందంటే నవ్వుతారు,” అన్నాడు కారులో తిరిగొస్తూ. అందులో అబద్ధమేమీ లేదు. వాళ్ల వీధిలో నలభై దాటిన ఆడవాళ్లలో సగం మందికి ఆ సంచి లేదు. ఇంకొకతె చేరిందనుకున్నారు, అంతే. నిజానికి దీవెన గర్భసంచి ఎక్కడిదక్కడే ఉంది. పొట్టకీ నడుముకీ తొడలకీ కలిపి తొమ్మిది బెజ్జాలు పెట్టి, గొట్టాలతో కొవ్వు లాగేశారు. లైపోసక్షన్ అంటారు దాన్ని. ఆ పేరున్న కాగితాన్ని బెన్హర్ నాలుగు మడతలు పెట్టి తన స్కూటరు డిక్కీలో దాచి తాళం వేశాడు.

ఆమెనెవరూ కాళ్లూ చేతులూ కట్టి తీసుకెళ్లలేదు. ఆ సంగతి ఆమె తనకి తనే రోజుకి పదిసార్లు చెప్పుకుంటోంది. తీసుకెళ్లినవి మాటలు. పద్దెనిమిదేళ్లుగా, నవ్వుతూ, నలుగురి ముందూ అన్న మాటలు. క్రిస్మస్ ఫోటో తీస్తుంటే బెన్హర్ “కొంచెం పక్కకి జరుగు, నేను కూడా పడాలి కదా” అన్నాడు. పొందూరు చీర కొనుక్కుంటానంటే “అది నీకొద్దు, డేరా వేసినట్టుంటావు” అన్నాడు. కంచంలో రెండోసారి అన్నం పెట్టుకుంటే ఏమీ అనడు, కంచంకేసి చూస్తాడు. ఆ చూపు కన్నా మాటే నయం. ఇద్దరు పిల్లల్ని కని, పొద్దున్న నాలుగున్నరకి లేచి వండి, ఎనిమిది గంటల బస్సుకి పరుగెత్తి, సాయంత్రం వచ్చి మళ్లీ వండి, పిల్లలు వదిలేసిన అన్నం పారబొయ్యలేక తినేసి పెంచుకున్న ఒళ్లు అది. బళ్లో హెడ్మాస్టరు ఒకరోజు తరగతిలోకి తొంగిచూసి, “మేడమ్, మీరు కాస్త తప్పుకుంటే పిల్లలకి బోర్డు కనిపిస్తుంది” అన్నాడు. పిల్లలు నవ్వారు. దీవెన కూడా నవ్వింది. నవ్వకపోతే ఉడుక్కుందంటారు. ఆ సాయంత్రమే బెన్హర్ పేపర్లో ఆ ఆసుపత్రి ప్రకటన చూపించి “మూడు రోజుల్లో మామూలు మనిషివైపోతావట” అంటే, సరే అంది. సన్నబడదామని కాదు, ఇక నోళ్లు మూతపడతాయని.

మూడు రోజులు కాదు, అయిదో రోజు ఇది. రొమ్ముల కింద నుంచి మోకాళ్ల దాకా ఆసుపత్రిలో తొడిగిన నల్లటి బిగుతు తొడుగు. మొదటి రెండు రోజులూ బెజ్జాల్లోంచి గులాబీ రంగు నీరు కారి దుప్పట్లు తడిసిపోయాయి. ఒళ్లంతా వంకాయ రంగు మచ్చలు. ఎలీసమ్మ ఆ తొడుగుని అటూ ఇటూ లాగి చూసి, “ఇదేటే, డ్రాయరా?” అంది. బెల్టు అత్తయ్యా అని చెప్పింది. కోత ఏదీ అంటే, ఇప్పుడు కోతలు లేవు బెజ్జాలే అంది. ఒక్క అబద్ధానికి రోజూ కొత్త చొక్కా తొడగాల్సి వస్తోంది.

ఇదంతా ఓర్చుకుంది. ఈ పొద్దున్న మొదలైంది వేరు. పక్కకి ఒత్తిగిల్లబోతే ఎడమ పిక్కలో ఎవరో లోపల్నుంచి పిండినట్టు నొప్పి వచ్చింది. నరం పట్టేసిందేమో అనుకుంది. పది గంటలకల్లా పిక్క నున్నగా మెరుస్తూ, ముట్టుకుంటే వేడిగా ఉంది. అత్తగారు పెరట్లోకి వెళ్లినప్పుడు కుట్టుమిషను సొరుగులోంచి టేపు తీసి రెండు పిక్కలకీ చుట్టి చూసింది. కుడిది పదమూడున్నర అంగుళాలు. ఎడమది పదిహేను. తప్పు కొలిచానేమో అని మళ్లీ చుట్టింది. మళ్లీ పదిహేనే.

డిక్కీలో ఉన్న కాగితం ఆమె ఒక్కసారే చదివింది, కారులో. కానీ పాఠాలు చెప్పే మనిషి, చదివింది మరిచిపోదు. వాపు మామూలే. మచ్చలు మామూలే. ఒక కాలి పిక్క మాత్రమే వాచి, వేడెక్కి, నొప్పి పెడితే రక్తం గడ్డ కట్టి ఉండొచ్చు. ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తులకి చేరితే ప్రాణం పోతుంది. పిక్క రుద్దకూడదు. ఆయాసం మొదలైతే ఒక్క నిమిషం ఆగకూడదు. ఆ అక్షరాలన్నీ ఇప్పుడు కళ్ల ముందు బారులు తీరి నిలబడ్డాయి. మంచినీళ్లు తాగకపోవడం వల్లా? ఐదు రోజులు కదలకుండా పడుకోబెట్టడం వల్లా? మోకాలి వెనక చుట్టుకుపోయి బిగిసిన తొడుగు వల్లా? దేనివల్ల అయితేనేం, గడ్డ అంటూ ఉంటే అది తన పని తాను చూసుకుంటుంది.

ఎలీసమ్మ ఆముదం గిన్నె పట్టుకుని వచ్చింది. “పిక్క పట్టీసినాదా? నాలుగుసార్లు కిందకి లాగీస్తే దిగిపోతాది. కాలు సాపు,” అని మంచం మీద కూర్చుంది. ప్రేమగానే వచ్చింది. వెచ్చటి అరచెయ్యి పిక్క మీద పడింది.

“వద్దత్తయ్యా, వద్దు,” అని కాలు లాక్కుంది.

“ఏటయ్యిందే నీకు? నానేమన్నా కొరికీస్తన్నానా?” అని ఎలీసమ్మ మొహం మాడ్చుకుని గిన్నె పట్టుకుపోయింది. రుద్దితే చచ్చిపోతానని ఎలా చెప్పాలి? కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందంటారు. అందుకే కదా చించుకోకుండా కుట్టేసుకుని కూర్చుంది.

మధ్యాహ్నం బెన్హర్ సగం రోజు సెలవు పెట్టి విజయనగరం ఆఫీసు నుంచి వచ్చేశాడు. ఆ రోజు మూడు గంటలకి సంఘంలోని ఆడవాళ్లు ఇంటికి ప్రార్థనకి వస్తున్నారు. పొద్దున్న దీవెన ఫోన్‌లో కాలి సంగతి చెప్పి, ఆసుపత్రికి ఫోన్ చెయ్యమని అతన్ని బతిమాలింది. నంబరు అతని దగ్గరే ఉంది.

“అడిగాను. వాపు మామూలే అన్నారు,” అన్నాడు చొక్కా మార్చుకుంటూ.

“కాలు వాచిందని చెప్పారా?”

“వాపు అన్నాను. వాపంటే వాపే కదా. పక్కన ముగ్గురు కూర్చుని ఉన్నారు, అంతకన్నా ఏటి సెప్తాను?”

ఆమె కాలు చూపించింది. అతను చూశాడు. ఒక్క క్షణం అతని మొహంలో కూడా ఏదో కదిలింది. అతనికీ భయం వేసింది, కాకపోతే అతని భయం వేరే దారిన పోయింది. “ఇప్పుడు మనూరి డాక్టరు దగ్గరికెళ్తే ఏ ఆపరేషనంటాడు. ఆయన మన సంఘపెద్ద. సాయంత్రానికి ఊరంతా తెలిసిపోతాది. ప్రార్థన అయిపోనియ్యి. రేపు పొద్దున్నే వైజాగే వెళ్దాం. రెండు ముక్కలు సాక్ష్యం చెప్పి కూకో, సాగదియ్యకు.”

సాక్ష్యం అంటే ఆపద గడిచినవాళ్లు లేచి నిలబడి, దేవుడు తమకేం చేశాడో నలుగురిలో చెప్పడం. దీవెన ఆదివారం బడిలో పిల్లలకి పది ఆజ్ఞలు వల్లె వేయించే మనిషి. అబద్ధ సాక్ష్యం పలకరాదు అన్న దగ్గర పిల్లలు తడబడితే చెవి మెలిపెట్టేది. ఇప్పుడు దేవుడి పేరు పెట్టి, తియ్యని గర్భసంచి క్షేమంగా తీశారని చెప్పాలి. చెప్పి, రేపు పొద్దుటిదాకా బతికి ఉండాలి. ఉండకపోతే? శవపేటిక పక్కన నిలబడి పాస్టరుగారు “గర్భసంచి ఆపరేషను వికటించి మన సహోదరి” అంటారు. హాస్టల్ నుంచి వచ్చిన పిల్లలు అదే నమ్ముతారు. చావు కూడా తనది కాకుండా పోతుంది.

మూడింటికి ఎనిమిది మంది వచ్చారు. ముందు గదిలో చాపలు పరిచారు. దీవెన గోడ పట్టుకుని గడప దాటి వచ్చేసరికి, పదడుగుల నడకకే, కుడిపక్క డొక్కలో సూదితో గుచ్చినట్టయింది. ఊపిరి సగం దాకా వెళ్లి ఆగిపోతోంది. భయం వల్లేనేమో అని సర్దిచెప్పుకుంది. మళ్లీ పీల్చింది. మళ్లీ సగం దగ్గరే గుచ్చుకుంది.

బుల్లమ్మ అనే పెద్దావిడ దగ్గరకొచ్చి బుగ్గలు నిమిరింది. “ముప్పైతొమ్మిదికే తీసీసినారేటమ్మా. నాకు తీసి పన్నెండేళ్లయినాది, ఈ నడుం నొప్పి వదిలితే ఒట్టు. జాగర్త తల్లీ.” ఆవిడ కళ్లల్లో నిజంగానే నీళ్లు తిరిగాయి. దొంగిలించిన జాలి అది. దీవెన తల దించుకుంది.

పాట అయింది. వాక్యం చదవడం అయింది. బెన్హర్ గుమ్మం పక్క కుర్చీలో కూర్చుని ఉన్నాడు. పాస్టరమ్మగారు దీవెనకేసి చూసి, “సహోదరి సాక్ష్యం చెబుతుంది,” అంది.

దీవెన లేచింది. “అందరికీ వందనాలు. మొన్న నాకు…” అంది. ఊపిరి అందలేదు. నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందనుకున్నారు వాళ్లు. ఎవరో “స్తోత్రం” అన్నారు.

“కన్నీళ్లు దేవుడు చూస్తున్నాడమ్మా, నువ్వు మాట్లాడలేకపోతే మేం ప్రార్థన చేస్తాం. కళ్లు మూసుకోండి,” అంది పాస్టరమ్మగారు.

అందరూ కళ్లు మూసుకున్నారు. అత్తగారు మూసుకుంది. గుమ్మం దగ్గర బెన్హర్ మూసుకున్నాడు, అతని మొహంలో ఇక గండం గడిచిందన్న నిమ్మళం. గదిలో కళ్లు తెరుచుకుని ఉన్నది దీవెన ఒక్కతే. ఇప్పుడు తను పడిపోతే, ఆమెన్ అనేదాకా ఎవరికీ తెలియదనిపించింది.

“కళ్లు మూసుకోకండి. నా కాలు చూడండి,” అంది.

చీర మోకాలి దాకా ఎత్తింది. నల్ల తొడుగు అంచు కింద ఎడమ కాలు ఎర్రగా, నున్నగా, వేరెవరిదో తెచ్చి అతికించినట్టుంది. ఎలీసమ్మ పాక్కుంటూ వచ్చి చెయ్యి వేసింది. “ఒలమ్మ, కాలిపోతన్నాది.”

“నాకు గర్భసంచి తియ్యలేదు,” అంది దీవెన. ఒక్కో మాటకీ ఆగి ఊపిరి తీసుకుంటోంది. “లావుగా ఉన్నానని కొవ్వు తీయించుకున్నాను. మీకు చెప్పింది అబద్ధం. కాలు ఇలా వాచి ఆయాసమొస్తే నిమిషం ఆగొద్దన్నారు. పొద్దున్నుంచి ఆగాను.”

వెనకాల ఎవరో కిసుక్కున నవ్వారు. ఇన్నాళ్లూ ఆ నవ్వుకే కదా భయపడింది. అది వచ్చింది, ఎవరో మోచేత్తో పొడిస్తే ఆగిపోయింది. ఇంతేనా అనిపించింది దీవెనకి. చావు ముందు అది ఎంత?

“దీవెనా, లోపలికి రా. మాట్లాడుకుందాం,” అన్నాడు బెన్హర్ లేచి. గొంతు మెల్లగానే ఉంది.

“ఏట్రా ఇది? కన్నతల్లికి కూడా సెప్పవా?” అంది ఎలీసమ్మ. చెయ్యి మాత్రం కోడలి కాలి మీద నుంచి తియ్యలేదు. రుద్దనూ లేదు.

దీవెన గోడకి చేరబడి కూర్చుంది. పక్కన బుల్లమ్మ ఒళ్లో ఉన్న ఫోను తీసుకుని 108 నొక్కింది. మొదటిసారి తప్పు నొక్కింది. రెండోసారి ఎవరో అమ్మాయి ఎత్తింది. ఊరడిగింది, వీధి అడిగింది, ఏమయిందని అడిగింది. ఈ మధ్య ఆపరేషను ఏదైనా జరిగిందా అని అడిగింది.

“లైపోసక్షన్,” అంది దీవెన.

అవతల వినబడలేదు. ఇంకోసారి చెప్పమంది. ఈసారి దీవెన వీధిలోకి వినబడేటట్టు చెప్పింది. బెన్హర్ వచ్చి ముందు నిలబడి చెయ్యి చాపాడు. “నాకియ్యి, నేను మాట్లాడతాను.”

“మీరు పేషెంటుకి ఏమవుతారండీ?” అని అడుగుతోంది ఆ అమ్మాయి.

దీవెన ఫోను రెండో చెవికి మార్చుకుంది.

“ఏమీ కాను. నేనే పేషెంటుని,” అంది.