కౌంటరు మీది చేతులు

“చేతులే ఎందుకు? మొహాలు రావా నీకు?” అని మా అత్తగారు అడిగినప్పుడు నేను ఒక చేత్తో కూర కలుపుతూ ఇంకో చేత్తో పెన్సిలు పట్టుకుని ఉన్నాను. నిజానికి మొహాలు రావు. నేర్చుకునే తీరిక ఎప్పుడూ దొరకలేదు. లైబ్రరీలో నా కుర్చీ పొట్టి, కౌంటరు ఎత్తు. ఎవరొచ్చి నిలబడినా నాకు ముందు కనిపించేవి చేతులే. సూది పోట్లతో గరుకెక్కిన దర్జీ వేళ్లు, కడిగి కడిగి పాలిపోయిన నర్సు అరచేతులు, పుస్తకం అందిస్తూ గాలిలోనే టైపు కొట్టే రిటైరైన టైపిస్టు చూపుడువేలు. పదకొండేళ్లుగా చూస్తున్నాను. ఇంటికొచ్చాక కూర ఉడికేలోగా దొరికే పావుగంటలో, వంటింట్లో బోర్లించిన బకెట్టు మీద కూర్చుని, గుర్తున్నవి గుర్తున్నట్టు గీస్తాను.

ఇంట్లో దీన్ని కాలక్షేపం అంటారు. “ఉద్యోగం చేస్తుంది, ఇల్లు చూసుకుంటుంది, మిగిలిన టైములో ఏదో గీసుకుంటుంది, పాపం” అని మా ఆయన స్నేహితులకు చెబుతారు. ఆ పాపం ఎవరి మీదో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. ఆయన ఆడే క్యారమ్స్‌ మాత్రం హాబీ. దానికి ఒక గది, మంచి బల్ల, మూసిన తలుపు, వేళకు టీ ఉన్నాయి. నా దానికి బకెట్టు ఉంది.

లైబ్రరీలో పొద్దున కౌంటరు, మధ్యాహ్నం నుంచి చినిగిన పుస్తకాలకు కుట్లు వేయడం నా పని. ఒకసారి మిగిలిపోయిన అట్టలు, గుడ్డ ముక్కలు, దారం పోగేసి నా బొమ్మలు ముప్పైరెండింటినీ పుస్తకంగా కుట్టాను. అంచులు సమంగా కోయడానికి లైబ్రరీకి తీసుకెళ్లి, జిగురు ఆరాలని బాగుచేసిన పుస్తకాల బల్ల మీద పెట్టాను. సరిగ్గా అప్పుడే ఇంటి నుంచి ఫోను. అత్తగారి కంటి ఆపరేషను ముందుకు జరిపారట. మా ఆయనకు సెలవు దొరకదు. దొరకదని అడక్కుండానే ఆయనకు తెలుసు. నేను ఉన్నపళంగా బయలుదేరి, పది రోజులు సెలవు పెట్టి, గంట గంటకూ ఆవిడ కళ్లలో చుక్కలు వేశాను.

తిరిగి వెళ్లేసరికి బల్ల ఖాళీగా ఉంది. బల్ల కింద, బీరువా వెనక, చిత్తు కాగితాల సంచిలో వెతికాను. అరలు సర్దే అక్కను అడిగితే, నీ సొంత పుస్తకమేదీ నేను చూడలేదే అంది. ఇంట్లో చెబితే మా ఆయన “పోతే పోయిందిలే, ఇంకోటి గీసుకో” అన్నారు. క్యారమ్స్‌ స్ట్రైకర్‌ కనిపించని రోజున ఇదే మనిషి ఇల్లంతా తలకిందులు చేశారు. నేను బాత్రూములో కుళాయి తిప్పుకుని ఏడ్చాను.

ఆరు నెలల తర్వాత ఒక శనివారం పొద్దున, గరుకు వేళ్లు రెండు నా పుస్తకాన్ని కౌంటరు మీదకు తోశాయి.

“ఇంకో పదిహేను రోజులు ఉంచుకోవచ్చా అమ్మా? ఏడో పేజీలో ఉన్నది నా చెయ్యే. ఈ కాలిన మచ్చ చూడండి, అందులోనూ ఉంది” అంది దర్జీ ఆవిడ. “ఎవరు గీశారో గానీ, నా చేతుల్ని ఇంత శ్రద్ధగా ఇంతవరకూ ఎవరూ చూడలేదు.”

నేనే అని చెప్పబోయాను. అంతలోనే చెయ్యి పుస్తకం మీదికి పోయింది. వెనక అట్ట తిప్పితే గడువు చీటీ, దాని మీద తొమ్మిది తేదీలు. అప్పుడు వెలిగింది నాకు. బాగుచేసిన పుస్తకాల బల్ల మీద ఏముంటే అది, ఇదేంటని అడక్కుండా చీటీ అంటించి అరలో పెట్టేయమని అక్కకు చెప్పింది ఎవరు? నేనే. తూచా తప్పకుండా చేసింది మహాతల్లి. చేతిపనుల అరలో పెట్టింది కూడా. నేను కౌంటరులో లేని సాయంత్రం షిఫ్టులో తొమ్మిది ఇళ్లు తిరిగొచ్చింది నా పుస్తకం. నేను ఏడ్చిన రోజున అది ఎవరి ఇంట్లో ఉందో!

విషయం ఆఫీసరుగారి దాకా వెళ్లింది. నంబరు లేని పుస్తకం ఇవ్వడం తప్పన్నారు ఆయన. తీసేద్దామంటే అడిగి పేరు రాయించుకున్నవాళ్లు నలుగురున్నారు. అందుకని సోమవారం రిజిస్టరులో ఎక్కించమని, అప్పటిదాకా ఎవరికీ ఇవ్వొద్దని చెప్పి, “కర్త పేరు దగ్గర సిబ్బంది కానుక అని రాసేయండి. మనలో మనకు పేర్లెందుకమ్మా?” అన్నారు. ఏటేటా నేను రాసే వార్షిక నివేదిక కింద ఆయన పేరు ఉంటుంది. అప్పుడు మనలో మనకు పేర్లెందుకన్న మాట గుర్తుకు రాదు. అయినా నేను తలూపి వచ్చాను. తలూపడం నాకు బాగా అలవాటు.

పుస్తకం ఇంటికి తెచ్చాను. ఆదివారం మా అత్తగారు కొత్త చూపుతో ఒక్కో పేజీ తిప్పుతూ ఇరవై ఒకటో పేజీ దగ్గర ఆగిపోయారు. బొటనవేలు బొమ్మ పక్కన పెట్టి చూసుకున్నారు.

“ఇది నాదే. బట్టలు పిండీ పిండీ వంకరపోయింది. ఇంత వంకరని నాకే తెలీదు.” తర్వాత ముందు అట్టా వెనక అట్టా తిప్పి, “నీ పేరేదీ?” అన్నారు.

ఆఫీసరుగారి మాట చెప్పాను. మా ఆయన పేపరు దించకుండానే, అదే మంచిది, పేరు వేస్తే రేపు ఎవరైనా నవ్వుతారు అన్నారు.

“నవ్వేవాళ్లు ఇళ్లకు తీసుకెళ్తారట్రా?” అన్నారు అత్తగారు. నా వైపు తిరిగి, “పేరు రాయనంటే నా పేజీ చించి నాకిచ్చెయ్. ఎవరు గీశారో చెప్పుకోలేని చోట నా చెయ్యి ఉండక్కర్లేదు” అన్నారు.

సోమవారం రిజిస్టరు తెరిచి, కర్త అన్న గడిలో నా పేరు పూర్తిగా, పొట్టి చేయకుండా రాశాను. ఇన్నేళ్లలో ఆ గడిలో వేల పేర్లు రాసిన చెయ్యి, తన పేరు దగ్గర ఒక్క క్షణం ఆగింది. అంతే. ఆఫీసరుగారు కళ్లజోడు పైకి నెట్టి, సిబ్బంది అని కదా అనుకున్నాం అన్నారు.

“సిబ్బంది గీయలేదండీ. నేను గీశాను.”

ఆయన నన్ను, రిజిస్టరును మార్చి మార్చి చూసి సంతకం పెట్టారు. ఆ పూట కౌంటరు దగ్గర నా గర్వం దాచుకోలేదు. దర్జీ ఆవిడ వస్తే ఏడో పేజీ నేనే గీశానని చెప్పాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

ఇంటికి రాగానే బకెట్టును బాత్రూములో దాని చోట పెట్టేశాను. క్యారమ్స్‌ బల్ల మీది బోర్డు తీసి గోడకు ఆనించి, కాగితాలు పరుచుకుని కూర్చున్నాను. కూర ఎవరు కలుపుతారని నేను అడగలేదు, వంటింట్లోంచి అత్తగారు కొడుకును పిలవడం మాత్రం వినిపించింది. ఆయన గరిటె పట్టుకునే గుమ్మం దగ్గరికి వచ్చి బల్లను చూశారు, బోర్డును చూశారు. గొంతు సవరించుకుని, ఆ పుస్తకం ఒక వారం కావాలి, మా ఆవిడ గీసిందని ఆఫీసులో చూపిస్తాను అన్నారు.

నాకు సంతోషమే వేసింది. అబద్ధమెందుకు? అయినా పెన్సిలు కింద పెట్టలేదు.

“లైబ్రరీకి వచ్చి కార్డు తీసుకోండి. వరుసలో మీ ముందు నలుగురున్నారు.”