అబ్బులుగారి నడుం, రత్నం కాలు

నేను ఒక సాగే కట్టును. మందుల కొట్టులో నన్ను క్రేప్ బ్యాండేజీ అంటారు. నూలులో రబ్బరు దారం కలిపి నేసి, చుట్టగా చుట్టి, రెండు కొక్కేలిచ్చి లోకం మీదికి పంపారు. ఒంటిని అంటిపెట్టుకుని ఉండేదాన్ని కాబట్టి దెబ్బల మధ్య తేడా నాకు బాగా తెలుసు. కీలు మెలికపడి వాస్తే బెణుకు. కండ బిగుసుకుపోతే పట్టు. తోలు చిట్లకుండా లోపల నెత్తురు గడ్డకట్టి నల్లబడితే కమిలిన దెబ్బ. ఎముక చిట్లినా విరిగినా ఫ్రాక్చర్. మనుషులకు ఇంత ఓపిక లేదు. మెడ తిరక్కపోయినా, మోకాలు వాచినా వాళ్లు చెప్పేది ఒకటే, నరం మీద నరం ఎక్కిందని. నరాలకి ఎక్కడం తప్ప వేరే పని లేనట్టు!

నన్ను కొన్నది మండపేటలో సైకిల్ కొట్టు నడిపే అబ్బులుగారి భార్య. ఆయన గ్యాస్ బండ ఎత్తబోతే నడుం పట్టేసింది. రెండు రోజులు నేను బిగించి పట్టుకున్నా తగ్గలేదు. మూడో రోజు డాక్టరు దగ్గరికి వెళ్లి ఇనుప బద్దలున్న బెల్టు తెచ్చుకున్నారు. అంతటితో ఆగారా? ఎదురింటి నూకరత్నానికీ కబురు పెట్టారు.

రత్నం ఎదురుకాళ్లతో పుట్టింది. అలాంటివాళ్లు మూడుసార్లు తంతే నడుం పట్టు వదులుతుందని వీధంతా నమ్మకం. రత్నం ఎవరినీ కాదనేది కాదు. పాపం, ఆమె బతుకంతా ఆ కాళ్ల మీదే ఉంది. మిషను తొక్కి బట్టలు కుడుతుంది. అప్పటికి నలభై జతల బడి యూనిఫారాలు ఒప్పుకుంది. బడి తెరవడానికి ఇరవై రోజులే ఉన్నాయి.

వైద్యం చేయించుకుంటున్నట్టు తెలిస్తే తన్ను పనిచేయదని అబ్బులుగారి భయం. బెల్టు విప్పడానికీ ధైర్యం చాల్లేదు. అందుకని దాని మీద నన్ను చుట్టి, నా మీద చొక్కా వేసుకుని బోర్లా పడుకున్నారు. నాకు నోరుంటే కేకేసేదాన్ని. రత్నం కుడికాలు ఎత్తింది. ఠంగుమంది.

"ఓలమ్మో!" అంటూ ఆమె కూలబడింది. పాదం చూస్తుండగానే ఉబ్బింది. పక్కింటి చిట్టెమ్మ నూనె గిన్నెతో పరిగెత్తుకొచ్చింది.

"ఏం కాదే, నరమ్మీద నరం ఎక్కింది. ఒక్క లాగు లాగితే దిగిపోద్ది," అంటూ మడమ పట్టుకుంది.

నాకు చెమటలు పట్టాయి. నిజానికి అవి అబ్బులుగారివి. చెబితే వీధిలో పరువు పోతుంది, ఊరుకుంటే రత్నం కాలు పోతుంది. ఆయన ఒక్క క్షణం కళ్లు మూసుకున్నారు.

"లాగొద్దు చిట్టెమ్మా!" అని అరిచి చొక్కా ఎత్తేశారు. "లోపల ఇనప బద్దలున్నాయి. ఎముకేమైనా చిట్లిందేమో!"

రత్నం ఏడుపు ఆపి ఆయన్ని చూసింది. "మందూ కావాలి, తన్నూ కావాలా బాబాయ్?"

ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లారు. ఎక్స్‌రేలో పాదం ఎముక సన్నగా చిట్లినట్టు తేలింది. "లాగి ఉంటే ఎముక జరిగేదమ్మా," అన్నాడు డాక్టరు. సిమెంటు కట్టు వేసి, నెల రోజులు కాలు ఆనించవద్దన్నాడు. యూనిఫారాలు తలుచుకుని రత్నం మళ్లీ ఏడ్చింది. ఆ ఏడుపు చూసి నేనే వదులైపోయాను.

మర్నాడు తెల్లవారగానే అబ్బులుగారు వచ్చి మిషను పక్కన నిలబడ్డారు. "నువ్వు గుడ్డ పట్టుకోమ్మా. చక్రం నేను తిప్పుతాను."

రోజూ కొట్టు తెరిచే ముందు కొంతసేపు, మూశాక కొంతసేపు చేత్తో తిప్పారు. అరచెయ్యి బొబ్బలెక్కితే నన్నే చుట్టుకున్నారు. ఇంత మంచివాడని నేను అనుకోలేదు. బడి తెరిచే ముందు రోజు నలభయ్యో జత పూర్తయింది. అప్పటికి నాలో సాగుడు అయిపోయింది. రత్నం నన్ను మడతలు పెట్టి కుట్టి, సూదులు గుచ్చుకునే దిండు చేసుకుంది. నొప్పి తగ్గించడానికి పుట్టిన నేను ఇప్పుడు పొద్దస్తమానం పొడిపించుకుంటున్నాను.

సిమెంటు కట్టు విప్పిన రోజు అబ్బులుగారు పలకరించడానికి వచ్చారు. ఎలా ఉందంటే తగ్గిందంది రత్నం. నీ నడుం ఎలా ఉందని ఆమె అడిగింది.

"అప్పుడప్పుడు పట్టేస్తందమ్మా," అన్నారాయన జాలిగా.

రత్నం నాలోంచి సూది తీసి పక్కన పెట్టి, లేచి నిలబడింది. "మూడు తన్నుల్లో ఒక్కటే పడింది బాబాయ్. ఈసారి చొక్కా తీసి పడుకో."

అబ్బులుగారు గుమ్మం ముందున్న రెండు మెట్లూ ఒక్క గెంతున దాటి, వీధి చివరిదాకా పరిగెత్తారు. ఆయన నడుం ఎప్పుడో బాగైందని మండపేటకి తెలిసింది ఆ రోజే.